మడవనముల పునరుద్ధరణ

ప్రశ్న: పర్యావరణ పునరుద్ధరణను అభ్యసింపఁదలఁచితిని. మొక్కలు నాటుట నేర్చిన చాలదా?

జవాబు: చాలదు. నేల యేల చెడినదో యెఱుంగుటయే ఈ విద్యకు ప్రాణము. గోదావరీ ముఖమున కోరింగ మడవనములను చూడుఁడు: చెట్లు నఱకఁబడినచోట నేల క్రుంగి, పోటునీరు మరలక నిలిచి, ఎండకు ఆవిరియై, లవణము మిక్కుటమగుటచే మొలకలు బ్రదుకఁజాలకుండెను, కావున చేప వెన్నెముకవలె నడుమ పెద్ద కాలువయు, ఇరుప్రక్కల ఏటవాలుగా పిల్లకాలువలును త్రవ్వి, పోటుపాటులకు దారి కల్పించిన పిమ్మటనే మొక్కలు నాటిరి. ఆ కాలువలలో పూడిక తీయుచుండవలెను. ఈ ఓర్పులేని పునరుద్ధరణము నా దృష్టిలో వృథావ్యయము. నేలనుబట్టి ఉపాయమును మాఱును: అమెరికాలో 1930ల నడుమ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము పునరుద్ధరింపఁబూనిన పచ్చికబయలునకు నియమితముగా నిప్పు పెట్టుటయే ఆవశ్యకమని ప్రయోగములవలన తేలినది. వృక్షశాస్త్రముతోఁబాటు జలగతిని, మృత్తికను చదువుఁడు. తీరమందలి మత్స్యకారుల నడిగి తెలిసికొనుఁడు.