సి.ఎ.125 పెరిగితే క్యాన్సరేనా?

రిపోర్టులో సి.ఎ.125 ఎక్కువగా ఉందని కొందరు సహోదరీలు కన్నీళ్లతో మా వద్దకు వస్తుంటారు.

మన శరీరపు లోపలి పొరలను తడిగా ఉంచి కాపాడడానికి దేవుడిచ్చిన జిగురు ప్రోటీన్లే మ్యూసిన్లు. సి.ఎ.125 అలాంటిదే. 1981లో డాక్టర్ రాబర్ట్ బాస్ట్ బృందం దీనిని గుర్తించింది. ప్రయోగశాలల్లో కణాల చేత దీని భాగాలను తయారుచేయించి నేటికీ పరిశోధిస్తున్నారు.

మామూలుగా ఇది 35 యూనిట్ల లోపు ఉంటుంది. అయితే నెలసరి, గర్భం, ఫైబ్రాయిడ్ గడ్డలు, కడుపులో టి.బి. వలన కూడా పెరగవచ్చు. అండాశయ క్యాన్సరు తొలిదశలో సుమారు సగం మందికి పెరగదు.

కనుక అంకె ఎక్కువైతే బెదరవద్దు, తక్కువైతే అశ్రద్ధ చేయవద్దు. కడుపు ఉబ్బరం, పొత్తికడుపు నొప్పి వారాల తరబడి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి. ప్రార్థించండి, పరీక్షలూ చేయించుకోండి.