వాగు రాళ్ళతో భోగి మంట వెయ్యకండి

పోయిన శనివారం మా వీధిలోకి కొత్తగా వచ్చిన జంట కారు డిక్కీ తెరిచి చూపించారు. నిండా నున్నటి గుండ్రాళ్ళు. "అక్కా, క్రీక్ దగ్గర ఏరుకొచ్చాం. ఒక్క డాలరు ఖర్చు లేదు. భోగికి పెరట్లో ఫైర్ పిట్ కట్టేస్తాం" అంది ఆ అమ్మాయి. నా గుండె జారిపోయింది. సరిగ్గా అలాంటి రాళ్ళే, అలాంటి వాగు నుంచే, డాలస్ వచ్చిన రెండో ఏడు మేమూ తెచ్చుకున్నాం. బురద ఉందని పైపుతో శుభ్రంగా కడిగి మరీ పేర్చాం.

ఆ ఏడు భోగి తెల్లవారుజామున అయిదింటికి మంట వేశాం. ఈ దేశంలో పుట్టిన మా అబ్బాయికి అదే మొదటి భోగి మంట. వాడికి ఏడేళ్ళు. పిడకల దండ చేతికిచ్చి, వెయ్యి నాన్నా అన్నాను. ముప్పావుగంట గడిచింది. మంట మంచి కాక మీద ఉంది. తుపాకి పేలినట్టు ఒక్క మోత. ఒక రాతి ముక్క వెళ్ళి వెనక గుమ్మం అద్దానికి తగిలింది. ఇంకొకటి వాడి మణికట్టు మీద పడింది. వాడి అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, మచ్చ ఇప్పటికీ వాడి చేతి మీద ఉంది. నాలుగంగుళాలు పైకి తగిలి ఉంటే కన్ను పోయేది. నేను ఆ మాట తలచుకోని భోగి లేదు.

కారణం కష్టమైనదేం కాదు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిన రాయి సందుల్లోకి, సన్నటి పగుళ్ళలోకి నీరు చేరుతుంది. పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల ఆరదు. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది. బయటికి దారి లేకపోతే రాయిని పగలగొట్టుకుని వస్తుంది. "రెండు వారాలు ఎండబెడతాంలే అక్కా" అన్నాడు కొత్త జంటలోని అబ్బాయి. వద్దు నాయనా! రెండు వారాలు కాదు, రెండు నెలలు ఎండబెట్టినా నమ్మకం లేదు. వాగు రాయి వద్దు, చెరువుగట్టు రాయి వద్దు, తోటలో స్ప్రింక్లర్ కింద తడిసిన రాయీ వద్దు.

నాకు బాధ ఎక్కడంటే, ఇది నాకు తెలియాల్సిన విషయం. మాది పిడుగురాళ్ళ పక్క ఊరు. సున్నపు బట్టీల పొగ చూస్తూ బడికి వెళ్ళినదాన్ని. సున్నపురాయిని 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే సున్నమవుతుందని మా ఊళ్ళో చిన్నపిల్లలకీ తెలుసు. డాలస్ వాగుల్లో ఉండేది చాలావరకు ఆ సున్నపురాయే. ఇళ్ళ ముందుగోడలకు అతికించే తెల్లరాయీ అదే. మామూలు కట్టెల మంటలో అది బట్టీలోలా పూర్తిగా సున్నం కాకపోవచ్చు, కానీ పెచ్చులు లేస్తుంది, అంచులు పొడి పొడిగా రాలిపోతాయి. ఇసుకరాయీ నీళ్ళు పీల్చేదే. రాయి పేలిన రోజు అమ్మకి ఫోన్ చేస్తే, "పొయ్యి మట్టితో కదే వేసేది, రాళ్ళెవరు పెట్టమన్నారు?" అంది. ఎర్రమట్టి అలికిన మా అమ్మమ్మ పొయ్యి ఎన్నడూ పేలలేదు.

మరి ఏం కొనాలి? నిప్పు తగిలే లోపలి వరసకు ఫైర్‌బ్రిక్. ఇంకో మాట లేదు. మంటను తట్టుకునే బంకమట్టితో కాల్చిన లేత పసుపు ఇటుక అది. తొమ్మిదంగుళాల పొడుగు, నాలుగున్నర వెడల్పు. లోపల 36 అంగుళాల వ్యాసంతో వలయం గీసి నిలువుగా పేరిస్తే 25 ఇటుకలు పడతాయి. అతికించాలంటే వేడి తట్టుకునే రిఫ్రాక్టరీ మాలు అడిగి తీసుకోండి. మామూలు సిమెంటు మాలు మంటకు బలం పోయి ఊడిపోతుంది. తోట గోడలకు అమ్మే కాంక్రీటు దిమ్మెలు బయటి వరసకు పనికొస్తాయి, లోపలికి కాదు. ఫైర్‌బ్రిక్ కొనలేమనుకుంటే మందమైన ఉక్కు రింగైనా లోపల పెట్టండి. జింకు పూత ఉన్న తొట్టి మాత్రం తేకండి, ఆ పూత కాలి వచ్చే పొగ మంచిది కాదు.

కౌంటర్‌టాప్ షాపులో మిగిలిన గ్రానైట్ ముక్కలు చవకగా ఇస్తారని వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. నేనూ వెళ్ళాను. అక్కడ గోడకు ఆనించిన నల్లటి పలకలో బంగారు చుక్కలు మెరుస్తుంటే అడిగాను. బ్లాక్ గెలాక్సీ అన్నాడు. మన చీమకుర్తి రాయి! ఒంగోలు పక్క నేల నుంచి సముద్రాలు దాటి వచ్చి టెక్సస్ గోదాములో నిలబడి ఉంది. దాని మీద చెయ్యి వేసి చాలాసేపు కదల్లేకపోయాను. కానీ అదీ మంటలో పెట్టేది కాదు. మెరుపు కోసం, పగుళ్ళు మూయడానికి చాలా పలకలకు రెసిన్ పట్టిస్తారు. అలాంటి పలక నిప్పుకు దూరంగా ఉండాల్సిందే.

తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యండి, డబ్బు తీసుకోరు, గ్యాసు పైపులూ తీగలూ ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళ్తారు. హెచ్.ఓ.ఏ. (ఇళ్ళ యజమానుల సంఘం) అనుమతి కాగితం మీద తీసుకోండి. కౌంటీలో బర్న్ బ్యాన్ (మంటల మీద నిషేధం) ఉందేమో ఆ రోజే చూసుకోండి.

నేల గురించి మాత్రం ఒక్క మాట. డాలస్ చుట్టూ ఉన్నది మన పల్నాటి రేగడి లాంటి నల్లనేలే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. మొదటి వేసవిలో పెరట్లో ఆ నెర్రెలు చూసి మా ఆయన, "మన పత్తి చేలో నిలబడినట్టుంది" అన్నారు. ఆ నేల మీద నేరుగా కట్టిన గోడ పగులుతుంది. ఆరంగుళాలు తవ్వి, కంకర పోసి, గట్టిగా దిమ్మిస చెయ్యండి. అడుగున సిమెంటు పొయ్యకండి, వాననీరు ఇంకిపోవాలి.

ఇంటికీ చెక్క కంచెకీ 25 అడుగుల దూరంలో మంట ఉంచండి. అగ్నిమాపక నియమాల పుస్తకంలో చిన్న మంటలకు ఉన్న లెక్క అది. మీ ఊరి నియమం ఇంకా గట్టిగా ఉండొచ్చు, అడగండి. అంత పెరడు లేకపోతే మంట మానండి, దీపం పెట్టుకోండి, తప్పు లేదు. భోగి కదా అని పాత బల్లలూ రంగు వేసిన చెక్కలూ తగలెయ్యకండి. 2003 దాకా పెరటి చెక్కకు ఆర్సెనిక్ పట్టించి అమ్మేవారు. ఆ కంచె ముక్క పొగ పిల్లలు పీలుస్తారా? ఎండిన ఓక్ కట్టెలు కొనండి. నీళ్ళ పైపు పక్కనే ఉండాలి. బూడిదలో నిప్పు రోజుల తరబడి ఉంటుంది, మూత ఉన్న ఇనప బకెట్టులో పొయ్యండి.

ఇప్పుడు మా ఇంట్లో ఫైర్‌బ్రిక్ వలయం ఉంది. దాని మీద ఇనప జాలీ వేసి రాగి బిందె పెడతాం. అబ్బాయికిప్పుడు పదహారేళ్ళు. మంట దగ్గరికి పిలిస్తే మూడడుగులు వెనకే నిలబడతాడు. పిలవడం మానేశాను. నీళ్ళు కాగాక వాడే వచ్చి బిందె దించుతాడు.

ఆ జంట రాళ్ళు ఇంకా డిక్కీలోనే ఉన్నాయి. ఈ శనివారం వాటిని తోటంచున, నిప్పు తగలని చోట పేర్పించి, ఇటుకల కోసం వాళ్ళతో నేనే వెళ్తున్నాను.