ముందు గోడ తడిమి చూడు

ఏలూరు

చి.సౌ. మాధవికి,


పుస్తకాల బీరువాలో వెండి పురుగులు తిరుగుతున్నాయి, ఏ మందు కొట్టాలి తాతయ్యా అని అడిగావు. మందు సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు బీరువా వెనక గోడని అరచేత్తో తడిమి చూడమ్మా. చెమ్మ తగిలిందంటే జవాబు అక్కడే ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఈ పురుగుకి పండగే. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో, కొల్లేటి పక్కన ఉన్న మన ఊళ్లలో వానాకాలం గాలి ఇంచుమించు అలాగే ఉంటుంది. ఇక తిండంటావా, 1758లో లిన్నేయస్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామంలోనే చక్కెర ఉంది. పుస్తకం వీపుకి పూసిన మైదా జిగురు, గంజి పెట్టిన నేత చీర, కాగితం, అన్నీ దానికి భోజనమే. చెదలైతే మట్టి పూసుకుంటూ లోపలికి తొలుచుకుపోతాయి. ఇది పైపొర గీకి, అంచులు కొరికి వదిలేస్తుంది. కుట్టదు, రోగాలు మోయదు. నష్టమంతా దస్తావేజులకీ పుస్తకాలకీ బట్టలకీ.

స్ప్రే కొడితే పోదా అంటావు. కళ్లబడ్డ నాలుగూ చస్తాయి, సందుల్లో గుడ్లు మిగులుతాయి. ఏళ్ల తరబడి బతికే పురుగు, తిండి లేకపోయినా నెలలు ఓర్చుకుంటుంది. గోడ చెమ్మగా ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది. కలరా ఉండలు వేస్తే? సందులున్న బీరువాలో ఆ ఘాటు నిలవదు. పైగా జి6పిడి అనే ఎంజైము లోపమున్న పసిపిల్లలకి ఆ ఆవిరి రక్తకణాలను పగలగొట్టేంత ప్రమాదం. కొల్లేటి తేమని ఎవరు ఆపగలరు అన్నావనుకో, ఆ మాట నిజమే. కానీ మనం ఆరబెట్టాల్సింది ఊరిని కాదు, ఒక్క బీరువాని. పురుగుకి కావలసింది కూడా ఊరంత తేమ కాదు, గోడకీ చెక్కకీ మధ్య గాలాడని ఆ సందే.

అందుకని బీరువాని స్నానాలగది గోడ నుంచి తప్పించు, ఎక్కడ పెట్టినా వెనక బెత్తెడు ఖాళీ ఉంచు. కారే పైపు బాగు చేయించి, గోడ నెర్రెలు పూడ్పించు. అటక మీద అట్టపెట్టెలు తీసేయి. వానలు వెనకబట్టాక బట్టలు ఎండలో వేయి, పుస్తకాలు మాత్రం నీడన గాలికి విప్పి పెట్టు. ఎండకి కాగితం వెలిసిపోతుంది. నిలవ చీరలకి గంజి వద్దు. ఇంకా ఉన్నాయేమో తెలియాలంటే గాజు సీసాకి బయట కాగితపు టేపు చుట్టి, లోపల రొట్టెముక్క వేసి రాత్రి పెట్టు. టేపు పట్టుకుని ఎక్కి లోపల పడ్డవి నున్నటి గాజు మీద పైకి రాలేవు. అప్పటికీ తగ్గకపోతే బోరిక్ పొడి, అదీ పిల్లల చేతికందని నెర్రెల్లో కొద్దిగా.

ఈ ఆదివారం మందుల కొట్టుకి వెళ్లకు. బీరువా జరుపు.

ఇట్లు,
తాతయ్య