పెరటిలో చిన్న కొట్టము

చదువవలసిన వాక్యభాగములు: నెహెమ్యా 13:4–9, లూకా 14:28–30, లూకా 12:16–21



ఈ నెల పాఠము పెరటిలో మన చేతులతో కట్టుకొను చిన్న కొట్టమును గూర్చినది. పార, గడ్డపార, యూరియా సంచి, పురుగుమందు డబ్బా వాక్యపాఠములోనికి ఎట్లు వచ్చినవని కొందరు అడుగవచ్చును. మా యింటిలో జరిగిన సంగతి మొదట చెప్పెదము. అది వినిన తరువాత మీకే తెలియును.

మన తెలుగు సంఘములలో స్త్రీలు ఎసరు పెట్టునప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యము దేవునికొరకు తీసి వేరుగా ఉంచుట పాత వాడుక. మా సంఘములోని తల్లులు అట్లు కూర్చిన బియ్యమును ఆదివారము గుడికి తెచ్చెదరు. దానిని మేము మా యింటి వెనుక అర్రలో సంచులలో భద్రము చేసి, అక్కరగలవారికి పంచుచుండెడివారము. అదే అర్రలో, మేము కౌలుకు చేసిన ఎకరము పత్తికి తెచ్చిన మందు డబ్బా కూడ చెక్కమీద ఉండెను. మూత సరిగా బిగించలేదు. ఒక రాత్రి ఎలుక దానిని పడద్రోసినది. తెల్లవారి మా యింటివారు తలుపు తీయగానే ముక్కు మూసికొని వెనుకకు వచ్చిరి. రెండు సంచుల బియ్యము మందుతో తడిసిపోయినది.

కడిగి ఎండబెట్టిన సరిపోదా అని మా మనస్సులో ఒక మాట పుట్టినది. ఆ మాటను ఇప్పుడు చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. బావికి దూరముగా గొయ్యి త్రవ్వి ఆ బియ్యము పూడ్చితిమి. ఆదివారము సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొంటిమి. ఆరాధన ముగిసిన పిమ్మట, కూలికి పోయి బ్రదుకు ఒక విధవరాలు మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, బియ్యం పోతె మల్ల వస్తయి. ఆ అర్రల మీ పిల్లలు పండుకుంటరు గద?” అనినది.

ఆమె చెప్పినది నిజమే. మా పిల్లలు ఆ అర్రలోనే పండుకొనుచుండిరి. మేము బియ్యము కొరకు దుఃఖపడితిమి గాని, ఆ సంగతి ఒక్కసారియైనను తలంచలేదు.

నెహెమ్యా చూచిన గది

యెరూషలేము మందిరములో నైవేద్యములును ధాన్యమును దశమభాగములును ఉంచుటకు ఒక పెద్ద గది ఉండెను. యాజకుడైన ఎల్యాషీబు ఆ గదిని తన బంధువైన టోబీయాకు ఇచ్చెను. దేవుని పనికి అడ్డుపడినవాని సామాను దేవుని అర్పణల స్థలములోనికి వచ్చి చేరినది. నెహెమ్యా తిరిగివచ్చి చూచి మిక్కిలి దుఃఖపడి, ఆ సామానంతయు బయట పారవేయించి, గదులను శుద్ధిచేయించి, అర్పణలను మరల వాటి స్థలములో పెట్టించెను. అతడు దుఃఖముతోనే ఊరకుండలేదని గమనించుడి. సామాను కదిలించెను, ఊడ్పించెను. దేవుని పనివారు కొన్నిసార్లు చీపురు పట్టవలసియుండును.

మా యింటిలోనికి ఏ టోబీయాయు రాలేదు. ఆ డబ్బాను మేమే తెచ్చి అక్కడ పెట్టితిమి.

మన యిండ్ల సంగతి

మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో తాతల కాలమున దేని స్థలము దానికి ఉండెను. వడ్లకు గరిసెయో గుమ్మియో, జొన్నలకు పాతర, ఎడ్లకు కొట్టము, నాగలికి చూరు క్రింద చోటు. ఇప్పుడు గరిసెలు పోయినవి. అనేకులకు ఒకటి రెండు గదుల యిల్లే ఉన్నది. ఆ గదిలోనే మంచము, బియ్యము, విత్తనము, యూరియా, పత్తిమందు. తాతల యిండ్లలో ఇన్ని విషపు డబ్బాలు లేవు. పత్తిసాగు పెరిగినకొలది అవి మన మంచాల క్రిందికి వచ్చినవి.

పెన్‌గంగ ఆవలి యవత్‌మాళ్ జిల్లాలో 2017వ సంవత్సరమున పత్తిచేలకు మందు కొట్టుచు, ఆ విషము సోకి సుమారు 20 మంది రైతులు, కూలీలు చనిపోయిరి. ఆరుబయట చేనిలోనే అంత హాని చేయగల మందును మూసిన గదిలో పిల్లల ప్రక్కన పెట్టుకొనవచ్చునా? అందుకే పెరటిలో ఒక చిన్న కొట్టము కట్ట నిశ్చయించితిమి.

మొదటిది: కూర్చుండి లెక్క చూచుకొనుట

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని ప్రభువు చెప్పెను. మేము ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు చాలునని తీర్మానించుకొంటిమి. దానికి ఆరు గుంజలు, దూలములు, వాసములు, ఎనిమిది అడుగుల రేకులు మూడు, వెదురు తడకలు, ఒక తలుపు కావలెను. అప్పు చేయకుండ ఇంతలోనే కట్టవచ్చును. ఎండాకాలములో మొదలుపెట్టి, జూన్ 7, 8 తేదీలలో వచ్చు మిరుగుకు ముందే కప్పు వేయవలెను.

రెండవది: పొరుగువాని హద్దు

పితరులు నాటిన హద్దురాయి తీయకూడదని సామెతలు 22:28 చెప్పుచున్నది. రాయి జరుపకపోయినను, మన చూరు నీరు పొరుగువాని గోడమీద పడినయెడల అదియు హద్దు దాటుటయే. మన పల్లెలలో ఎన్ని కొట్లాటలు చూరునీళ్లతో మొదలగుచున్నవో మీకు తెలియును. కొట్టమును హద్దునకు ఎడముగా జరిపి, కప్పు వాలు మన స్థలము వైపే పెట్టవలెను. కట్టకముందు పొరుగువానిని పిలిచి చూపించుడి. పంచాయతి కార్యదర్శిని కూడ ఒక మాట అడుగుడి.

మూడవది: మూలలు సరిచూచుట

నాలుగు మేకులు పాతి తాడు కట్టుడి. ఒక ప్రక్క ఎనిమిది అడుగులు, రెండవ ప్రక్క ఆరు అడుగులు ఉన్నప్పుడు, మూలనుండి మూలకు సరిగా పది అడుగులు రావలెను. రెండు వైపుల మూలకొలతయు పదియైన మూలలు సరిగా ఉన్నట్టే. మూల తప్పినయెడల రేకు సరిగా కూర్చుండదు. ఇది చదువురానివాడును తాడుతో చేయగల లెక్క.

నాలుగవది: లోతుగా త్రవ్వుట

ఇక్కడ మా రెండవ తప్పు చెప్పుకొనవలెను. మేము మొదట కట్టిన కొట్టము ఒక్క ఏడాదియైనను నిలువలేదు. మాది నల్లరేగడి నేల. అది వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని పగుళ్లు బారును. మేము తొందరపడి గుంజలను ఒక్క అడుగు లోతే పాతితిమి. మరుసటి ఎండాకాలమున నేల పగిలి గుంజలు వదులైనవి. ఒక సాయంకాలము గాలిదుమారము వచ్చి రెండు రేకులను లేపి పొరుగు వాకిలిలో పడవేసినది. దేవుని దయవలన ఆ వాకిలిలో అప్పుడెవరును లేరు. అడుగుపెట్టి చూచిన సంఘపు పెద్ద ఒకరు నవ్వి, “ఇసుకమీది ఇల్లు గురించి మొన్ననే చెప్తిరి గద అయ్యగారూ. గుంజ ఎంత లోతుంటె గాలికి అంత నిలవడ్తది” అనిరి. మా ప్రసంగమును మాకే తిరిగి చెప్పిరి.

రెండవమారు ఆయనే మాతోకూడ గడ్డపార పట్టిరి. రెండడుగుల లోతు గుంతలు త్రవ్వి, నల్లమట్టి తీసివేసి, మొరమును రాళ్లును వేసి, నీళ్లు చల్లి గట్టిగా దిమ్మిస చేసితిమి. గుంజల మొదళ్లకు చెదలు పట్టకుండ తారు పూసితిమి. అరుగును చుట్టు నేలకంటె ఒక అడుగు ఎత్తుగా మొరముతో నింపితిమి.

అయిదవది: న్యాయమైన కర్ర, న్యాయమైన కూలి

గోడలోని రాయి మొఱ్ఱపెట్టునని, దూలము దానికి బదులు పలుకునని హబక్కూకు 2:11లో ఉన్నది. అన్యాయముగా తెచ్చిన సరకు ఇంటిలో మాటలాడును అని దాని భావము. మన ప్రాంతములో టేకు అడవులు దగ్గర. కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. రాత్రి బండిమీద వచ్చు అగ్గువ కర్రకు ఆశపడకుడి. మేము పొలముగట్టున మా సొంత వేపకర్రయు, కొనిన వెదురును వాడితిమి. తలుపు పనికి ఒక దినము వడ్లాయనను పిలిచి, సాయంకాలమే కూలి ఇచ్చితిమి. పొరుగువానిచేత జీతమియ్యక పని చేయించుకొనువానికి శ్రమయని యిర్మీయా 22:13 చెప్పుచున్నది గదా.

ఆరవది: కప్పు, గోడలు, తలుపు

ముందు గుంజలు నేలమీద ఏడున్నర అడుగులు, వెనుక గుంజలు ఆరున్నర అడుగులు. ఈ ఒక్క అడుగు వాలు నీరు జారుటకు చాలును. రేకులను రాళ్లు పెట్టి ఆపకుడి. కొక్కెపు బోల్టులతో వాసములకు బిగించుడి. రంధ్రము రేకు ఎత్తు మడతమీదనే వేయవలెను. పల్లములో వేసిన నీరు కారును. సిమెంటు రేకులు వాడువారు వాటిని రంపముతో కోయకుడి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

తడకలకు రెండు వైపుల మట్టి, పేడ, తరిగిన వరిగడ్డి కలిపి త్రొక్కి మెత్తితిమి. ఒక పొర ఆరి పగిలిన తరువాత రెండవ పొర వేసిన పగుళ్లు మూసికొనును. చూరు క్రింద జానెడు సందు విడిచి ఇనుప జాలి కొట్టితిమి. గాలి వచ్చును, ఎలుక రాదు. తలుపు బయటికి తెరచుకొనునట్లు పెట్టి, గొళ్లెము, తాళము వేసితిమి.

ఏడవది: దేని స్థలము దానికి

బియ్యము, వడ్లు, విత్తనములు ఇంటిలోనే ఉండవలెను. వడ్లు నూటికి 14 పాళ్లకంటె తక్కువ తేమకు ఎండినగాని నిలువ పెట్టకుడి. కొట్టములో పనిముట్లు ఒక ప్రక్క. యూరియా సంచులు నేల తగులకుండ చెక్కలమీద. లేనియెడల తేమ పీల్చి గడ్డకట్టును. పురుగుమందు వేరొక కర్రపెట్టెలో, రెండవ తాళముతో. మందును ఎన్నడును కూల్‌డ్రింక్ సీసాలో పోయకుడి. ఖాళీ డబ్బాను నీళ్లకుగాని నూనెకుగాని వాడక, పొడిచి పనికిరాకుండ చేయుడి. అన్నిటికంటె మేలైనది, ఆ పంటకు కావలసినంతే తెచ్చి ఇంటికి మిగులు తేకపోవుట.

తాళము చేయలేని పని

ప్రియులారా, ఒక సంగతి మెల్లగా చెప్పవలెను. పత్తి పోయి, అప్పు పెరిగి, మాట పడి, ఆ డబ్బావైపు చూచినవారు మన గ్రామములలో ఉన్నారు. మన సంఘములలో కూడ ఉన్నారు. తాళము వేసితిమి గనుక ఇక భయము లేదని అనుకొనవద్దు. శ్రీలంకలో 180 గ్రామములలో ఇంటింటికి తాళపు పెట్టెలు ఇచ్చి పరీక్షించిరి. పెట్టెలు ఇచ్చినంత మాత్రమున విషము త్రాగువారి సంఖ్య తగ్గినట్లు కనబడలేదని 2017లో ప్రకటించిరి. తాళము చిన్నబిడ్డను ఆపగలదు. నిరాశలో ఉన్న పెద్దవాని దగ్గరకు మనిషి పోవలెను.

కాబట్టి పొరుగువాడు రెండు దినములు కనబడనియెడల పోయి పలుకరించుడి. బాకీ అడుగుటకు కాదు, కూర్చుండుటకు పోవుడి. మాట తేడాగా తోచిన అతని ఒంటరిగా విడువక, ఆసుపత్రికి తోడుగా పోవుడి. 14416 అను ఉచిత నంబరునకు ఫోను చేసిన, టెలి మానస్ వారు తెలుగులో మాటలాడుదురు. పాదిరికి చెప్పుటకు సిగ్గుపడకుడి. రెండు సంచుల అర్పణ పాడుచేసిన పాదిరి మీ సిగ్గును చూచి నవ్వడు.

చిన్న కొట్టము చాలును

లూకా 12లోని ధనవంతుడు కొట్లు కట్టినందుకు వెఱ్ఱివాడని పిలువబడలేదు. యోసేపు కూడ కొట్లు నింపెను, కరవులో వాటిని విప్పి అనేకులను బ్రదికించెను. ఆ ధనవంతుని లెక్కలో మాత్రము నా పంట, నా ఆస్తి, నా ప్రాణము తప్ప పొరుగువాడు లేడు. మన కొట్టము చిన్నదైనను దానిలో పొరుగువానికి స్థలముండవలెను. మా గడ్డపార ఇప్పుడు ఊరిలో నాలుగిండ్లు తిరుగుచున్నది. పిడికెడు బియ్యపు సంచులు మరల వెనుక అర్రలో, శుభ్రమైన చోట ఉన్నవి. ఆ విధవరాలు పోయిన నెల వచ్చి, తలుపు తీసి చూచి, ఏమియు అనక, తన కొంగులోని బియ్యము సంచిలో పోసి వెళ్లినది.

కూడికలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ యింటిలో పిల్లలు పండుకొను చోట ఉండకూడని వస్తువు ఏదైన ఉన్నదా? ఈ వారమే దానిని ఎక్కడికి మార్చుదురు?
2. మీ చూరు నీరు ఎవరి గోడమీద పడుచున్నది?
3. మీ వాడలో ఈ నెల ఎవరిని పలుకరింపవలెను?

ప్రార్థన: ప్రభువా, మా కన్నులెదుట ఉండియు మేము చూడని అపాయమును మాకు చూపుము. మా చేతిపనిని స్థిరపరచుము. మా తలుపులకు తాళము వేయు జ్ఞానమును, మా హృదయములను పొరుగువానికి తెరచు ప్రేమను దయచేయుము. ఆమేన్.