ముందు ఎవరో కనపడాలి

ఫ్రిస్కో, టెక్సాస్
ఆదివారం రాత్రి

చిరంజీవి శ్రీకాంత్‌కి,

మొన్న ఫోనులో నువ్వు అడిగింది ఒక్క ముక్కే. "అన్నయ్యా, గ్లాక్ 19 కొన్నాను, దానికి ఏ లైటు పెట్టమంటావ్?" అన్నావు. ఒక మోడల్ పేరు చెప్పేస్తే నీ పని అయిపోయేది. నాకే మనసొప్పలేదు. ఫోనులో తేలేది కాదని కాగితం తీశాను, కాస్త ఓపికగా చదువు.

గ్రీన్ కార్డు చేతికొచ్చాకే కొన్నావు, మంచి పని చేశావు. మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలీదు. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళలాంటి కొద్దిమందికే మినహాయింపు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చన్నారు గానీ, దానితో ఫెడరల్ చట్టం మారలేదు. నీ స్నేహితుడు ఇంకా వీసా మీదే ఉన్నాడు కదా. ఇంటికొచ్చినప్పుడు "చూడు ఎంత బరువుందో" అని కూడా వాడి చేతికివ్వకు. సరదాకి పట్టుకున్నందుకు వాడి బతుకు తలకిందులవుతుంది.

ఇక లైటు. దాని గురించి చెప్పేముందు ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది ఒకటి చెప్పాలి.

మీ పెదనాన్న మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పటి మాట. దిగి మూడు రోజులైంది, రాత్రి పగలు ఇంకా కుదురుకోలేదు. తెల్లవారుజామున రెండున్నరకి వంటింట్లో ఏదో చప్పుడైతే నాకు మెలకువొచ్చింది. వరసగా మా వీధిలో రెండు కార్ల అద్దాలు పగలగొట్టిన వారం అది. నిద్రమత్తులో నాన్న ఇంట్లో ఉన్నారన్న సంగతే తట్టలేదు. పెట్టె తెరిచి పిస్టల్ తీశాను, హాలు మలుపు దగ్గర నిలబడి లైటు వేశాను.

వెలుగు మధ్యలో నాన్న. లుంగీ, బనీను, చేతిలో గాలను పాల డబ్బా. రెండో చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని "ఏరా, కరెంటు పోయిందా?" అన్నారు.

ఆయనకి లైటొక్కటే కనపడింది. దాని వెనక ఏముందో కనపడలేదు. "ఏం లేదు నాన్నా, మీరు పడుకోండి" అని లైటు ఆర్పేసి, చెయ్యి వెనక్కి పెట్టుకుని గదిలోకి వచ్చేశాను. తరవాత బాత్రూములో కిందే కూర్చుండిపోయాను, చాలాసేపు చేతుల వణుకు ఆగలేదు. నా వేలు ట్రిగ్గర్ మీద లేదు. ఆ రాత్రి నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. ఆయనకి ఇప్పటికీ తెలీదు. మీ వదినకీ చెప్పలేదు.

తుపాకీకి బిగించిన లైటు ఎటు తిరిగితే గొట్టం మూతి అటే తిరుగుతుంది. ఎవరో తెలుసుకోవడానికని దాన్ని ఎవరి మీదన్నా వేశావంటే, ఆ మనిషికి తుపాకీ గురిపెట్టినట్టే. వెతకడానికి అది పనికిరాదు. కాబట్టి నువ్వు మొదట కొనాల్సింది చేతిలో పట్టుకునే టార్చి. మంచం పక్కన ఎప్పుడూ అదే ఉండాలి. చప్పుడైతే టార్చి తియ్యి, పేరు పెట్టి గట్టిగా పిలువు, గదుల్లో అందరూ ఉన్నారో లేదో లెక్క చూసుకో. అప్పటికీ తేలకపోతే తలుపేసుకుని 911కి ఫోన్ చెయ్యి. పోలీసులు లోపలికి వచ్చేసరికి నీ చేతిలో ఏమీ ఉండకూడదు. తుపాకీ మీది లైటు అవసరపడేది ఆ ఆఖరి తలుపు దగ్గర, నువ్వు కదలకుండా ఉన్నచోట. అక్కడ కూడా దాని పని మనిషెవరో, వాడి చేతుల్లో ఏముందో చూపించడమే.

పొదిలి దగ్గర మన చేల్లోకి రాత్రి కరెంటు వచ్చేవేళకి మోటారు వెయ్యడానికి వెళ్ళేవాళ్ళం, నీకు గుర్తుందో లేదో, నువ్వు బాగా చిన్నవాడివి. తాతయ్య చేతిలో మూడు సెల్లుల టార్చి. గట్టు మీద ముందు వెలుగు పడేది, ఆయన ఒక క్షణం ఆగేవారు, ఆ తరవాతే కాలు పడేది. "లైటు వేసి, చూసి, అప్పుడు అడుగెయ్యండిరా, కట్లపాముకి చప్పుడుండదు" అనేవారు. ఫ్రిస్కోలో ఆ రాత్రి నేను ముందు అడుగేసి, తరవాత చూశాను.

సరే, నీ ప్రశ్నకి వస్తాను. ఏ పెట్టె మీద చూసినా రెండు అంకెలుంటాయి, ల్యూమెన్లు, క్యాండెలాలు. ల్యూమెన్లంటే లైటులోంచి వచ్చే మొత్తం వెలుతురు. క్యాండెలా అంటే ఒక దిక్కుకి ఆ వెలుతురు ఎంత చిక్కగా పోతోందన్నది. తోటలో నీళ్ళ గొట్టం చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు అంతే వచ్చినా ధార దూరం పోతుంది చూడు, అలాంటిదే. ష్యూర్‌ఫైర్ వాళ్ళ ఎక్స్300 అల్ట్రా 1,000 ల్యూమెన్లు, 11,300 క్యాండెలాలు. అదే కుటుంబంలో టర్బో అనేదానికి 650 ల్యూమెన్లే, కానీ క్యాండెలాలు 66,000. దుకాణంలో కుర్రాడు రెండోది ఎక్కువ పవరన్నా చెబుతాడు, మొదటిదన్నా చెబుతాడు, రెండూ అబద్ధం కావు. టర్బో పొలంలో, పెద్ద పార్కింగ్‌లో అవతలి చివర ఉన్న మనిషిని చూపించడానికి. హ్యూస్టన్ దగ్గర కేటీలో మీ ఇంట్లో పడగ్గది నుంచి వంటిల్లు ఎంత దూరం? మహా అయితే పన్నెండు మీటర్లు. అక్కడ కావాల్సింది ధార కాదు, గది నిండేలా పరుచుకునే వెలుతురు.

లెక్క కావాలంటే ఇదిగో. క్యాండెలాలని దూరంతో రెండుసార్లు భాగిస్తే అక్కడ పడే వెలుతురు లక్సుల్లో వస్తుంది. స్ట్రీమ్‌లైట్ వాళ్ళ టీఎల్ఆర్-7ఏ 500 ల్యూమెన్లు, 5,000 క్యాండెలాలు. 5 మీటర్ల దూరంలో 200 లక్సులు. వాళ్ళదే టీఎల్ఆర్-1 హెచ్ఎల్ 1,000 ల్యూమెన్లు, 20,000 క్యాండెలాలు, అంటే అక్కడే 800 లక్సులు. ఆఫీసు బల్ల మీద చదువుకోవడానికి ఉండే వెలుతురు 500 లక్సుల దగ్గర ఉంటుంది. చీకటికి అలవాటుపడ్డ కంటికి 200 లక్సులు చాలినంత.

ఇంకో సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇంట్లో లైటుని మనిషి మీద వెయ్యనక్కర్లేదు. మన ఇళ్ళకి గోడలన్నీ తెల్లటివో లేత గోధుమరంగువో, కప్పు తెలుపు. పిస్టల్ కిందికి దించి గోడ మొదట్లో నేల మీద వెలుగు వేస్తే, అది లేచి గదంతా నిండుతుంది. మనిషి మొహం, చేతులు స్పష్టంగా కనపడతాయి, గొట్టం మాత్రం నేలవైపే ఉంటుంది. ఆ రాత్రి నాకీ ముక్క తెలిసుంటే నాన్న కాళ్ళకి ఎదురుగా కార్పెట్ మీద వెలుగు పడేది, అంతే. పిస్టల్ పెట్టెలో ఉంచి, టార్చి పట్టుకుని, ఓ రాత్రి ఇల్లంతా తిరిగి చూసుకో. మీ హాల్లో నిలువుటద్దం ఉంది. దేవుడి గదిలో పటాలకి అద్దాలున్నాయి. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం మీద పడ్డ వెలుగు సూటిగా నా కళ్ళలోకే కొట్టి, కాసేపు ఏమీ కనపడలేదు. ఎక్కడ నిలబడితే వెలుగు తిరిగొచ్చి నిన్నే కొడుతుందో ముందే తెలిసి ఉండాలి. 1,000 ల్యూమెన్లయితే ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. అందుకే నీ ఇంటికీ నీ పిస్టల్‌కీ నేను టీఎల్ఆర్-7ఏ చాలంటాను. గ్లాక్ 19 మూతికి సమానంగా ఆగుతుంది, ముందుకి పొడుచుకురాదు. ఇల్లు పెద్దదై, పెరడు పొడుగ్గా ఉండుంటే టీఎల్ఆర్-1 హెచ్ఎల్ అనేవాణ్ణి. ఎక్స్300 గట్టిదే, కాదనను, కానీ ఆ ధరలో స్ట్రీమ్‌లైట్ లైటూ ఒక మంచి టార్చీ రెండూ వచ్చేస్తాయి.

లైటు బిగించే రెయిల్ గురించి ఎక్కువ కంగారుపడకు. పికటినీ రెయిలని అందరూ అంటారే, ఆ పేరు న్యూజెర్సీలో మన పార్సిపనీ ఉన్న మోరిస్ కౌంటీలోనే ఉన్న సైనిక ఆయుధ కేంద్రం నుంచి వచ్చింది. 1995లో కొలతలు ఖాయం చేశారు, గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, గాడికీ గాడికీ మధ్య 10.01. గ్లాక్‌కి ఉన్నది అచ్చంగా అది కాదు, దాని సొంత రెయిల్, ఒక్కటే అడ్డగాడి. లైటు డబ్బాలో చిన్న ప్లాస్టిక్ తాళపు ముక్కలు వేరువేరు అచ్చులతో ఉంటాయి, గ్లాక్‌కి సరిపడేది వేసుకోవాలి. తప్పు ముక్క వేస్తే లైటు కూర్చున్నట్టే ఉంటుంది, కాల్చినప్పుడల్లా కాస్త కాస్త ముందుకి జరుగుతుంది.

బిగించేముందు మ్యాగజైన్ తీసెయ్యి, స్లయిడ్ లాగి ఛాంబర్‌లో వేలు పెట్టి చూడు, మళ్ళీ చూడు, తూటాలు పక్క గదిలో పెట్టు. ఆ తరవాతే స్క్రూ. వేళ్ళు గొట్టం ముందుకి రానివ్వకుండా పక్కనుంచి పట్టుకో. బిగించాక మీ ఆవిడ నెయిల్ పాలిష్ అడిగి, స్క్రూ తల మీద నుంచి లైటు ఒంటి మీదకి ఒక సన్నగీత గియ్యి. రేంజిలో కాల్చి వచ్చాక గీత రెండు ముక్కలుగా కనిపిస్తే స్క్రూ తిరిగిందన్నమాట. నాది ఎర్రగీత, నాలుగేళ్ళయింది.

మొదట్లో నేను ముప్పై ఐదు డాలర్లకి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. అంకెలు చూస్తే కళ్ళు తిరుగుతాయి, 1,200 ల్యూమెన్లని రాసుంది. రేంజిలో రెండో డబ్బా తూటాలు అయ్యేసరికి మిణుకుమిణుకుమంది, మూడో డబ్బాకి ఆరిపోయింది. ఇంటికొచ్చి విప్పితే బ్యాటరీ తగిలే స్ప్రింగు ఒరిగిపోయి ఉంది. కొనే లైటు ఏదైనా సరే, కనీసం రెండువందల తూటాలు దానితో కాల్చి, ఒక్కసారి కూడా ఆరలేదని చూశాకే మంచం పక్కకి చేర్చు.

స్విచ్చి దగ్గర నా మాట జవదాటకు. స్విచ్చి నొక్కాల్సింది రెండో చేతి బొటనవేలితో. ట్రిగ్గర్ వేలితో ఎన్నడూ నొక్కకూడదు, ఆ వేలికి ఒకే పని నేర్పాలి. పిడి ముందువైపు, ట్రిగ్గర్ కిందుగా ఒత్తుడు స్విచ్చి పెట్టే రకం కూడా ఉంది, చేతిని ఇంకాస్త బిగిస్తే లైటు వెలుగుతుంది. అది వద్దు. మన ప్లేనోలోనే 2010లో ఒక పోలీసు అధికారి లైటు వెయ్యబోయి ట్రిగ్గర్ నొక్కాడు, ఎదుటి మనిషి చనిపోయాడు. శిక్షణ ఉన్నవాడి వేళ్ళే కంగారులో రెండు పనుల్నీ కలిపేశాయి. మనం ఎంత? ఖాళీ పిస్టల్‌తో, తూటాలు గదిలో లేకుండా, రోజూ పదిసార్లు లైటు వేసి ఆర్పు. నొక్కితే వెలిగి వదిలితే ఆరిపోయే పద్ధతే అలవాటు చేసుకో. టపటపా కొట్టుకునే స్ట్రోబ్ ఉంటే ఆపేసుకో. ఎదుటివాణ్ణి ఎంత తికమకపెడుతుందో, నిన్నూ అంతే తికమకపెడుతుంది. చేతిలో ఉన్నది ఫోనో కత్తో ఆ మిణుకుల్లో తేలదు.

బ్యాటరీ సీఆర్123ఏ, 3 వోల్టుల లిథియం. 7ఏకి ఒకటి, పూర్తి వెలుగుతో గంటన్నర వస్తుంది. వాడకుండా పెడితే పదేళ్ళు నిలుస్తుందంటారు గానీ, నేను ఏటా ఉగాది పొద్దున పచ్చడి తిన్నాక కొత్తది వేస్తాను, పాతది రేంజికి. రెండు సెల్లుల లైటయితే పాతా కొత్తా కలపకు, వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. ఎండాకాలం కారు డాష్‌బోర్డులో విడి సెల్లులు వదలకు.

లైటు పెడితే పిస్టల్ కొలత మారిపోతుందని గుర్తుపెట్టుకో. నీ దగ్గరున్న తోలు ఒరలోకి ఇక అది దిగదు, ఆ లైటుకే అచ్చుపోసిన కైడెక్స్ ప్లాస్టిక్ ఒర వేరే కొనాలి. తాళం పెట్టె కూడా అంతే, కొలిచి కొను. నేను మొదట కొన్నది మూత పడక వెనక్కి పంపాను. ఆ పెట్టె లేకుండా ఒక్క రాత్రి కూడా గడపకు. పదిహేడేళ్ళలోపు పిల్లలకి తూటాలున్న తుపాకీ అందేలా వదిలితే టెక్సాస్‌లో అది నేరం. చట్టం సంగతి అలా ఉంచు, మీ చిన్నపాప ఇప్పుడు సొరుగులన్నీ లాగుతోందని నువ్వే చెప్పావు.

పిన్ని వచ్చే నెల వస్తోందిగా. తనకీ నిద్ర ముక్కలవుతుంది, మూడింటికే లేచి కాఫీ పెట్టుకుంటుంది. తన గది గుమ్మం నుంచి వంటింటి దాకా ప్లగ్గులో పెట్టే నైట్ లైట్లు వరసగా పెట్టు, మనిషి కదిలితే తమంతట తామే వెలిగేవి. నీ ఇంట్లో ముందు బిగించాల్సిన లైట్లు అవి. ఆరు లైట్ల ప్యాకెట్ కాస్ట్‌కోలో కొని ఉంచాను, పైశనివారం హ్యూస్టన్ వచ్చినప్పుడు తెస్తాను. అప్పటిదాకా 7ఏ కొన్నా దాని డబ్బా విప్పకు, కలిసి బిగిద్దాం. పిన్ని టికెట్ ఏ తారీకుకి తీశావో మెసేజ్ పెట్టు.

మీ
అన్నయ్య