రాత్రంతా సాగే కథను రికార్డు చేయడమెట్లా?

జనగామ దగ్గర మా ఊర్లో పోయిన ఏడు రాత్రంతా ఒగ్గుకథ చెప్పించారు. ఒగ్గుకథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్యగారిది మా జిల్లానే. ఆయన 2017లో కన్నుమూశారు. ఆయన కథ విన్నవాళ్లు మా ఊర్లో ఇంకా ఉన్నారు, అందుకే శ్రద్ధగా వింటారు. నేను సెల్‌ఫోన్‌ను డోలు పక్కన పెట్టి రికార్డు చేశాను. తెల్లారి వింటే డోలు దెబ్బ పడ్డప్పుడల్లా కథకుని గొంతు మునిగిపోతున్నది. డోలు ఆగితే కీచురాళ్ల రొద లేస్తున్నది. "గిదేనారా మనం రాత్రి విన్నది?" అన్నాడు మా నాయన.

కారణం భౌతికశాస్త్రంలో ఉన్నది. చాలా ఫోన్లలో ధ్వనిని తనంతట తానే పెంచి తగ్గించే ఏర్పాటు ఉంటుంది. పెద్ద దెబ్బ రాగానే అది మొత్తం సిగ్నల్‌ను తగ్గిస్తుంది, డోలుతోపాటు గొంతూ తగ్గుతుంది. దెబ్బ మరీ పెద్దదైతే తరంగ శిఖరం తెగి చదునవుతుంది. తెగిన శిఖరాన్ని తర్వాత ఉన్నదున్నట్టు అతికించలేము.

ఈ చిక్కును అమెరికాలో ఒక ప్రయోగశీల రాక్ బృందం ఎట్లా దాటిందో చూడండి. గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్లు 1969 మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జనం ముందు వాయించినదాన్ని 16 ట్రాకుల టేపు మీద ఎక్కించారు. అది ఆ ఏడే "లైవ్/డెడ్" ఆల్బంగా వచ్చింది. ట్రాకులు వేర్వేరు గనుక డ్రమ్ములను తగ్గిస్తే గొంతు తగ్గదు, పాళ్లు తర్వాత తీరికగా కలుపుకోవచ్చు. అందులోని "డార్క్ స్టార్" 1968లో సింగిల్‌గా వచ్చినప్పుడు మూడు నిమిషాలైనా లేదు. ఇక్కడ 23 నిమిషాలు దాటి ఎల్పీ ఒక పక్కంతా నిండింది. మొదటిసారి నాకు విసుగొచ్చింది, నిజం చెప్పాలె. రెండోసారి ఒగ్గుకథ గుర్తొచ్చింది. ముసలమ్మలు కండ్లు తుడుచుకుంటుంటే మా కథకుడు కూడా ఆ ఘట్టాన్ని వదలడు, ఇంకా సాగదీస్తాడు. జనం లేకుంటే ఆ సాగు లేదు. కాబట్టి జనం చప్పుడును చెత్తగా తీసిపారేయరాదు.

మనకు 16 ట్రాకులు లేవు, రెండు ఫోన్లు చాలు. ఒకటి కథకుని దగ్గర, డోలుకు దూరంగా, రెండోది జనంలో. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, 34 మీటర్ల దూరానికి సెకనులో పదోవంతు ఆలస్యం. మొదట్లో కథకుని దగ్గర ఒక్క చప్పట్లు గట్టిగా కొడితే, ఆ గుర్తుతో రెండు రికార్డులనూ జతపరచవచ్చు. నాయన తన ఫోన్ ఇస్తానన్నాడు. తెల్లారేదాకా చార్జింగు ఉంచే పూచీ మాత్రం నాదే.