బీపీ బిళ్లతో పాటు ఒళ్లు నొప్పుల బిళ్ల వేసుకుంటున్నారా?

ఎన్‌సీడీ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన వారికి బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. బీపీ ఉన్నట్టు తేలితే అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటి బిళ్లలు కూడా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. కల్లూరు మండలంలో మీలో చాలామంది ఇవి వాడుతూ ఉండొచ్చు. రోజూ వేసుకుంటున్నా బీపీ దిగడం లేదంటే, వాటితో పాటు ఇంకేం మందులు వేసుకుంటున్నారో చూసుకోవాలి.

వరి నాట్లు, పత్తి తీత, మిరప కోతల రోజుల్లో నడుము పట్టేస్తుంది, మోకాళ్లు లాగుతాయి. మెడికల్ షాపులో అడిగితే నొప్పుల బిళ్ల ఇచ్చేస్తారు. అందులో ఎక్కువగా ఉండేది డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లేదా ఐబుప్రోఫెన్. ఇవి ఒంట్లో ఉప్పును, నీటిని పోనివ్వవు. దాంతో బీపీ పెరుగుతుంది, టెల్మిసార్టాన్ పని తగ్గుతుంది. నొప్పి ఇంజక్షన్‌కూ ఇదే మాట వర్తిస్తుంది.

అసలు భయం కిడ్నీల గురించి. టెల్మిసార్టాన్, మూత్రం ఎక్కువ పోయే బిళ్ల, నొప్పుల బిళ్ల – ఈ మూడూ కలిస్తే కిడ్నీలకు రక్తం సరిగా అందదు. ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగినప్పుడు, వాంతులు, విరేచనాలు అయినప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. మూత్రం తగ్గినా, ముఖం, కాళ్లు ఉబ్బినా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి రండి.

మరి నొప్పికి ఏం వేసుకోవాలి? మామూలు నొప్పికి, జ్వరానికి రెండు మూడు రోజులు పారాసిటమాల్ ఒక్కటే మేలు, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే. కానీ అట్ట మీద పారాసిటమాల్ పక్కనే ఎసిక్లోఫెనాక్ అని కూడా ఉంటుంది, చదువుకున్న పిల్లలతో చూపించుకోండి. గుండె కోసం డాక్టర్ రాసిన చిన్న ఆస్ప్రిన్ బిళ్ల వేరు, దాన్ని మీకు మీరుగా మానకండి.

జలుబు బిళ్లల్లో ఫినైల్‌ఎఫ్రిన్ ఉంటే బీపీ పెరుగుతుంది. ఆయాసానికో, నొప్పులకో ఇచ్చే స్టెరాయిడ్ బిళ్లలూ అంతే, షుగర్‌ కూడా పెంచుతాయి. దగ్గుకని అతిమధురం రోజూ నమిలేవాళ్లున్నారు. చెట్టు మందే కదా అనుకోవద్దు, అదీ బీపీని పెంచుతుంది. టెల్మిసార్టాన్ వాడేవారు పొటాషియం కలిపిన ‘తక్కువ సోడియం’ ఉప్పు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.

ఇదంతా చదివి బీపీ బిళ్ల మాత్రం ఆపకండి. అటెనోలాల్ లాంటిది ఉన్నట్టుండి ఆపితే గుండెకే ముప్పు. ఈసారి మందులకు వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న అట్టలన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లి ఏఎన్ఎంకో డాక్టర్‌కో చూపించండి.